జేఎస్‌టీ సమీక్ష: సైన్యంలో నేర్చుకున్న పనికి కాలేజీ క్రెడిట్లు

అమెరికా సైన్యంలో పొందిన శిక్షణకు కాలేజీ క్రెడిట్లు రాబట్టుకోవాలంటే మొదట చేతిలో ఉండాల్సింది జాయింట్ సర్వీసెస్ ట్రాన్స్‌క్రిప్ట్. సైన్యంలో పొందిన శిక్షణ, అనుభవం నమోదైన రికార్డు ఇది. అందరూ జేఎస్‌టీ అనే అంటారు. ఆర్మీ, నేవీ, మెరైన్ కోర్, కోస్ట్ గార్డ్ నాలుగింటికీ ఇదే. రిజర్వ్ వాళ్లకూ, ఆర్మీ నేషనల్ గార్డ్ వాళ్లకూ, సర్వీసు ముగించుకుని బయటికొచ్చినవాళ్లకూ ఇదే పనిచేస్తుంది. ఎయిర్ ఫోర్స్‌ది వేరే దారి, ఆ సంగతి తర్వాత చెప్తాను. ఒకప్పుడు ఆర్మీకి ఒకటి, నేవీ, మెరైన్లకు ఇంకొకటి అని విడివిడి ట్రాన్స్‌క్రిప్టులు ఉండేవి. వాటన్నిటినీ కలిపి ఒకే నమూనాలోకి తెచ్చారు. అప్పటినుంచి కాలేజీ రిజిస్ట్రార్లకు చదవడం తేలికైంది.

రికార్డుగా చూస్తే ఈ సేవకు పెద్దగా వంక పెట్టడానికి లేదు. ఖాతా ఉచితం. అనధికారిక కాపీ ఎప్పుడు కావాలంటే అప్పుడు పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. అధికారిక కాపీని ఎన్ని కాలేజీలకు పంపినా ఒక్క సెంటు తీసుకోరు. మామూలు కాలేజీలు ఒక్కో ట్రాన్స్‌క్రిప్ట్‌కు ఎంత వసూలు చేస్తాయో తెలిసినవాళ్లకు ఇది చిన్న మేలేమీ కాదు. చిక్కంతా దాన్ని చదివే తీరులో వస్తుంది. చాలామంది అందులో కనిపించే అవర్లన్నీ, అంటే క్రెడిట్లను కొలిచే యూనిట్లన్నీ, కూడుకుని, డిగ్రీలో మూడో వంతు అయిపోయిందని లెక్కేసుకుని, ఆ లెక్క మీదే కాలేజీనీ కోర్సునీ ఎంచుకుంటారు. జేఎస్‌టీలో ఉన్నవి సిఫార్సులు మాత్రమే. వాటిని క్రెడిట్లుగా మార్చేది కాలేజీ. ఆ క్రెడిట్లు పనికొస్తాయా లేదా అన్నది మీరు ఎంచుకున్న డిగ్రీని బట్టి తేలుతుంది. ఈ మూడూ వేర్వేరు మెట్లని గుర్తుపెట్టుకుంటే ఈ సేవ నుంచి రావాల్సిందంతా రాబట్టుకోవచ్చు.

సిఫార్సులు ఎక్కడినుంచి వస్తాయి

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చాలా కాలేజీలు తిరిగొచ్చిన సైనికులకు, ఏం నేర్చుకున్నారన్నది చూడకుండానే, సర్వీసు చేసినందుకు గంపగుత్తగా క్రెడిట్లు ఇచ్చేశాయి. దాంతో డిగ్రీ విలువ తగ్గిందన్న విమర్శ వచ్చింది, పునాది లేకుండా పై తరగతుల్లో కూర్చున్నవాళ్లు ఇబ్బంది పడ్డారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆ తప్పు మళ్లీ జరగకూడదని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ పట్టుబట్టింది. 1918లో పుట్టిన ఈ సంస్థను ఏస్ అని పిలుస్తారు. తిరిగొచ్చిన సైనికుల చదువుకు ప్రభుత్వం డబ్బిచ్చే జీఐ బిల్లు 1944లో చట్టమయ్యాక లక్షల మంది కాలేజీల వైపు వస్తారని తెలిసి, 1945 నుంచి సైనిక కోర్సులను ఒక్కొక్కటిగా పరిశీలించి ఏ కోర్సుకు ఎన్ని క్రెడిట్లు తగునో చెప్పే పని మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆ పని చేస్తున్నది ఆ సంస్థే.

పరిశీలించేవాళ్లు ఆయా సబ్జెక్టులు కాలేజీల్లో పాఠం చెప్పే అధ్యాపకులు. కోర్సు పాఠ్యప్రణాళిక, బోధనా గంటలు, పరీక్షలు, మార్కులు వేసే పద్ధతి చూస్తారు. ఉద్యోగానుభవానికైతే, ఆ పని ప్రస్తుతం చేస్తున్న సైనికులతో మాట్లాడి వాళ్లకు నిజంగా ఏం వచ్చో తేల్చుకుంటారు. జేఎస్‌టీ మీద నమ్మకం పెట్టుకోవచ్చని చెప్పడానికి ఇదే ప్రధాన కారణం. ఏ పరిశీలనకైనా తేదీల హద్దు ఉంటుంది. ఒకే పేరున్న కోర్సు 2008లో చేసినవాళ్లకూ 2019లో చేసినవాళ్లకూ వేర్వేరు సిఫార్సులు ఉండొచ్చు, మధ్యలో సిలబస్ మారి ఉంటుంది కాబట్టి. తోటివాడికి వచ్చిన అవర్లు మీకు రాలేదంటే తేదీలు ముందు పోల్చి చూడండి.

పేజీని చదవడం

జేఎస్‌టీలో ముఖ్యమైన భాగాలు నాలుగు: సైనిక కోర్సులు, సైనిక అనుభవం, పరీక్షల స్కోర్లు, ఇతర అభ్యాసం. శిక్షణకూ అనుభవానికీ వచ్చే సిఫార్సులు మొదటి రెండింటిలో ఉంటాయి.

ఒక కోర్సు వరుస తీసుకోండి. ముందు సైన్యం పెట్టుకున్న కోర్సు నంబరు, దాని పక్కన ఏస్ గుర్తింపు సంఖ్య ఉంటాయి. ఆర్మీ బేసిక్ కంబాట్ ట్రైనింగ్‌కు ఏఆర్-2201-0399 అని కనిపిస్తుంది. ఏఆర్ అంటే ఆర్మీ, ఎన్‌వీ నేవీ, ఎంసీ మెరైన్ కోర్, సీజీ కోస్ట్ గార్డ్, డీడీ అంటే రక్షణ శాఖ ఉమ్మడి కోర్సు. తర్వాత శిక్షణ జరిగిన చోటు, తేదీలు, రెండు మూడు వాక్యాల్లో కోర్సు వివరణ ఉంటాయి. కింద సబ్జెక్టు పేరు, దాని ఎదురుగా అంకె, అంకె పక్కన ఒక అక్షరం. అంకె సెమిస్టర్ అవర్లు. అక్షరం స్థాయి: వీ అంటే వృత్తి సర్టిఫికెట్ స్థాయి, ఎల్ అంటే డిగ్రీ మొదటి రెండేళ్ల స్థాయి, యూ అంటే చివరి రెండేళ్ల స్థాయి, జీ అంటే మాస్టర్స్ స్థాయి.

చాలామంది అంకె చూసి అక్షరాన్ని వదిలేస్తారు. నా దృష్టిలో అంకె కన్నా అక్షరమే ముఖ్యం. బ్యాచిలర్స్ డిగ్రీకి సాధారణంగా 120 సెమిస్టర్ అవర్లు కావాలి. అందులో ముప్పై నుంచి నలభై ఐదు వరకు పై స్థాయివి ఉండాలని చాలా కాలేజీలు నియమం పెడతాయి. సిపాయి స్థాయి శిక్షణలో వచ్చే సిఫార్సుల్లో అత్యధికం ఎల్. అవి ఎన్ని పోగైనా పై స్థాయి లెక్కలోకి ఒక్కటీ రాదు. వీ స్థాయివైతే నాలుగేళ్ల కాలేజీలు సాధారణంగా తీసుకోవు, రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీల్లో వృత్తి కోర్సులకు పనికొస్తాయి.

సైనిక అనుభవం భాగంలో మీ వృత్తి కోడ్ వస్తుంది. ఆర్మీ అయితే ఎంఓఎస్, నేవీ అయితే రేటింగ్. ఆర్మీలో నైపుణ్య స్థాయి 10, 20, 30, 40, 50గా పెరుగుతుంది, హోదా పెరిగే కొద్దీ సిఫార్సులూ పెరుగుతాయి. సార్జెంట్ అయ్యాక పర్యవేక్షణ, నాయకత్వం, సిబ్బంది నిర్వహణ లాంటి సబ్జెక్టులు చేరడం మొదలవుతుంది. ప్రమోషన్ వచ్చాక పాత జేఎస్‌టీనే పట్టుకు తిరిగితే ఈ అవర్లు పోగొట్టుకున్నట్టే.

ఇక్కడ రెండు లెక్కల తేడా ఒకటి ఉంది. కోర్సు భాగంలో ఒక సబ్జెక్టుకు మూడు అవర్లు వచ్చి, అదే సబ్జెక్టు అనుభవం భాగంలోనూ మూడు అవర్లతో కనిపిస్తే, కాలేజీ ఆరు ఇవ్వదు. ఒకే విషయానికి ఒక్కసారే. జేఎస్‌టీలో కూడిన మొత్తానికీ కాలేజీ చేతిలో పెట్టిన మొత్తానికీ తేడా రావడానికి ఇదొక పెద్ద కారణం.

ఒకే కాగితం, మూడు డిగ్రీలు

ఆర్మీలో వాహనాల మెకానిక్‌గా చేసిన ఒక సార్జెంట్‌కు 40 అవర్ల సిఫార్సులు ఉన్నాయనుకుందాం. లెక్క కోసం ఊహించిన అంకెలివి: బ్రేకులు, డీజిల్ ఇంజిన్లు, వాహన విద్యుత్ వ్యవస్థ లాంటి వాటిలో 24, పర్యవేక్షణ, నాయకత్వంలో 6, వ్యాయామం, ప్రథమ చికిత్సలో 4, కంప్యూటర్ వాడకంలో 3, కమ్యూనికేషన్‌లో 3.

ఈ కాగితంతో కమ్యూనిటీ కాలేజీలో డీజిల్ టెక్నాలజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి వెళ్తే వృత్తి సబ్జెక్టుల్లో ఎక్కువ భాగం నేరుగా సరిపోతుంది. 60 అవర్ల డిగ్రీలో 30కి పైగా తీరిపోవడం అసాధ్యమేమీ కాదు. అడ్డుపడేది రెసిడెన్సీ నియమం మాత్రమే, అంటే డిగ్రీ ఇచ్చే కాలేజీలోనే కనీసం కొంత చదవాలన్న షరతు. ఇది సాధారణంగా పావు వంతు ఉంటుంది.

అదే కాగితంతో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ బ్యాచిలర్స్‌కు వెళ్తే కమ్యూనికేషన్ 3, కంప్యూటర్ 3, మేనేజ్‌మెంట్‌లో 3 సూటిగా పడొచ్చు. మిగతావి ఐచ్ఛిక సబ్జెక్టుల్లోకి పోతాయి. డిగ్రీలో ఐచ్ఛికాలకు 15 అవర్ల చోటే ఉంటే అక్కడితో ఆగిపోతుంది. మొత్తం 24. మిగతా 16 ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఎక్కుతాయి గానీ డిగ్రీని ఒక్క రోజు కూడా ముందుకు తీసుకురావు.

ఇక మెకానికల్ ఇంజినీరింగ్. మన తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది చూసేది ఇటే కాబట్టి ఇది సూటిగా చెప్పాలి. ఇంజినీరింగ్ డిగ్రీలో ఐచ్ఛికాలకు చోటు దాదాపు ఉండదు. కాలిక్యులస్, ఫిజిక్స్, స్టాటిక్స్, థర్మోడైనమిక్స్ ఒకదాని మీద ఒకటి వరుసగా కట్టి ఉంటాయి. చేత్తో ఇంజిన్ విప్పి బిగించిన అనుభవం ఎంత గొప్పదైనా థర్మోడైనమిక్స్ క్రెడిట్ కాదు. పై కాగితంలో కమ్యూనికేషన్ 3 పడితే గొప్ప. కంప్యూటర్ సైన్స్ కూడా ఇంతే: నెట్‌వర్క్ నడిపిన సైనికుడికి వచ్చే అవర్లు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ డిగ్రీలో బాగా సరిపోతాయి, కంప్యూటర్ సైన్స్‌లో డేటా స్ట్రక్చర్స్ స్థానంలో కూర్చోవు. నర్సింగ్‌కు వెళ్లే సైనిక వైద్య సహాయకుల నిరాశ ఇంకా ఎక్కువ. ప్రథమ చికిత్స, రోగి సంరక్షణ క్రెడిట్లు వస్తాయి, కానీ అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ మాత్రం లేబొరేటరీతో సహా మార్కులతో చదివి ఉండాలని నర్సింగ్ విభాగాలు అడుగుతాయి.

ఇంజినీరింగే చదవాలనుకుంటే అదే చదవండి. క్రెడిట్లు కలిసొస్తాయని ఇష్టం లేని డిగ్రీకి మారడం నేను మెచ్చను. జేఎస్‌టీ వల్ల ఏడాది తగ్గుతుందన్న లెక్క మాత్రం ముందే తీసేసి, నాలుగేళ్లకూ డబ్బు, సమయం సర్దుకోండి.

ఏడాదిని సెమిస్టర్లుగా కాక క్వార్టర్లుగా విడగొట్టే కాలేజీల్లో ఇంకో చిక్కు. ఒక సెమిస్టర్ అవర్ ఒకటిన్నర క్వార్టర్ అవర్లకు సమానం. మీకున్న 3 సెమిస్టర్ అవర్లు 4.5 అవుతాయి. అక్కడ ఆ సబ్జెక్టు 5 అవర్లదైతే అర అవర్ తక్కువ. కొన్ని విభాగాలు సబ్జెక్టు తీరిందని ఒప్పుకుని ఆ అర అవర్‌ను వేరే చోట పూడ్చుకోమంటాయి, కొన్ని ససేమిరా అంటాయి. ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.

రికార్డులో తప్పులు

ఖాతా తెరిచిన వెంటనే చేయాల్సిన పని, శిక్షణ సర్టిఫికెట్లన్నీ ముందు పెట్టుకుని జేఎస్‌టీతో వరుస వరుసా పోల్చుకోవడం. సర్వీసు నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే పత్రం డీడీ-214 ఉన్నవాళ్లు అందులో 14వ గడి చూడాలి, సైనిక విద్య అంతా అక్కడ ఉంటుంది. 11వ గడిలో ప్రధాన వృత్తి ఉంటుంది. నేషనల్ గార్డ్ వాళ్లకు అలాంటి పత్రమే ఎన్‌జీబీ-22. సర్వీసులో ఉన్నవాళ్లకు ఆర్మీ పాఠశాలల మూల్యాంకన పత్రం డీఏ-1059 గట్టి ఆధారం.

ఒక కోర్సు అసలు కనిపించకపోతే, శిక్షణ ఇచ్చిన పాఠశాల పూర్తయిన సంగతి వ్యవస్థలో ఎక్కించలేదన్నమాట. రిజర్వ్, గార్డ్ వాళ్లలో, వేరే శాఖ పాఠశాలలో శిక్షణ పొందినవాళ్లలో ఇది ఎక్కువ. మెరైన్ అయ్యుండి ఆర్మీ స్కూల్లో కోర్సు చేస్తే అది ఎక్కడో చిక్కుకుపోయే అవకాశం ఉంది. దిద్దించుకోవడానికి జేఎస్‌టీ సైట్లో మీ శాఖకు ఇచ్చిన విభాగానికే రాయాలి, సర్టిఫికెట్ కాపీ జతచేయాలి. ఏస్‌కు రాస్తే లాభం లేదు. వాళ్లు కోర్సుల విలువ కడతారు, వ్యక్తుల రికార్డులు వాళ్ల చేతిలో ఉండవు.

కోర్సు కనిపించి, ఇతర అభ్యాసం భాగంలో పడి ఉంటే అది వేరే సంగతి. ఆ కోర్సును ఏస్ పరిశీలించలేదనో, మీరు చేసిన తేదీ పరిశీలన హద్దులకు బయట ఉందనో అర్థం. కారణం అక్కడే సంకేతంతో ఉంటుంది. దీనికి సిఫార్సు అవర్లు ఉండవు, కానీ ఆశ వదులుకోనక్కర్లేదు. కోర్సు సిలబస్ సంపాదించి, నేర్చుకున్నదాన్ని ఆధారాలతో చూపించే పోర్ట్‌ఫోలియో పద్ధతి కాలేజీలో ఉంటే దాని ద్వారానో, విభాగం పెట్టే పరీక్ష ద్వారానో క్రెడిట్ అడగొచ్చు.

పేరు విషయంలో మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. పొడవైన పేర్లు, ఇంటిపేరు ముందు వెనకలు కావడం, పాస్‌పోర్టులో ఒక తీరు, సైన్యంలో ఇంకో తీరు, పౌరసత్వం వచ్చినప్పుడు మార్చుకున్న పేరు మూడో తీరు. కాలేజీకి ఎలక్ట్రానిక్‌గా చేరిన జేఎస్‌టీ దరఖాస్తుతో సరిపోలకపోతే ఎవరికీ చెందని ఫైళ్లలో ఉండిపోతుంది. పంపామని మీరు, రాలేదని వాళ్లు అనుకుంటూ నెలలు గడుస్తాయి. పంపిన వారంలో రిజిస్ట్రార్ ఆఫీసుకు ఫోన్ చేసి, సైన్యంలో ఉన్న పేరు, పుట్టిన తేదీ, కాలేజీ విద్యార్థి నంబరు మూడూ చెప్పి వెతికించండి.

కాలేజీ దగ్గర

చేరాక మూల్యాంకనం చేస్తామని చెప్పే కాలేజీ కన్నా, చేరకముందే అనధికారిక కాపీ చూసి అంచనా ఇచ్చే కాలేజీ మేలు. అంచనా అడిగేటప్పుడు ఎన్ని క్రెడిట్లు ఇస్తారని అడగొద్దు. ఈ డిగ్రీలో నాకు ఇంకా ఎన్ని అవర్లు మిగులుతాయని అడగండి. మొదటి ప్రశ్నకు అడ్మిషన్స్ వాళ్లు ఘనంగా 45 అంటారు, అందులో డిగ్రీకి పనికొచ్చేవి 12 అయినా ఆ జవాబు అబద్ధం కాదు. రెండో ప్రశ్నకు డిగ్రీ ఆడిట్, అంటే డిగ్రీలో ఏవి తీరాయో ఏవి మిగిలాయో చూపే పట్టిక, తీసి చూపించక తప్పదు.

సర్వీసులో ఉన్నవాళ్ల ఫీజుకు సైన్యం డబ్బిచ్చే పథకం ట్యూషన్ అసిస్టెన్స్. దాన్ని తీసుకునే కాలేజీలన్నీ రక్షణ శాఖతో ఒక ఒప్పంద పత్రం మీద సంతకం చేసి ఉంటాయి. ఆ ఒప్పందం ప్రకారం అవసరమైన ట్రాన్స్‌క్రిప్టులన్నీ అందిన 60 రోజుల్లోగా విద్యార్థికి మూల్యాంకనం చేసిన చదువు ప్రణాళిక ఇవ్వాలి. ఆ గడువు దాటితే ఈ నియమాన్ని మర్యాదగా గుర్తుచేస్తూ మెయిల్ పెట్టండి, సర్వీసులో ఉంటే బేస్‌లోని ఎడ్యుకేషన్ ఆఫీసుకు కాపీ చేయండి.

ఒక సబ్జెక్టు అన్యాయంగా ఐచ్ఛికాల్లో వేశారనిపిస్తే రిజిస్ట్రార్‌తో వాదించి ప్రయోజనం లేదు. నిర్ణయం ఆ సబ్జెక్టు విభాగానిది. విభాగాధిపతికి ఒక పేజీ మించకుండా రాయాలి. ఎడమ పక్క వాళ్ల కోర్సు సిలబస్‌లోని అంశాలు, కుడి పక్క ఏస్ మిలిటరీ గైడ్‌లో మీ కోర్సుకు రాసిన అభ్యాస ఫలితాలు, కింద బోధనా గంటలు. ఈ గైడ్ ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచే ఉంది, జేఎస్‌టీలో కుదించిన వివరణ అక్కడ విస్తారంగా ఉంటుంది. సైనిక సంక్షిప్త పదాలు తీసేసి మామూలు మాటల్లో రాయండి. అధ్యాపకుడికి అర్థం కాని కోర్సుకు క్రెడిట్ రాదు. నాకు దేశసేవ చేసిన హక్కుంది అన్న ధోరణి కన్నా, మీ కోర్సులోని పది అంశాల్లో ఎనిమిది ఇక్కడ ఉన్నాయి అన్న మాట బాగా పనిచేస్తుంది.

జేఎస్‌టీ క్రెడిట్లకు మార్కులు ఉండవు, జీపీఏలో చేరవు. మంచీ ఉంది, చెడ్డా ఉంది. మెడికల్ స్కూలుకో, పోటీ ఎక్కువున్న మాస్టర్స్‌కో వెళ్లాలనుకునేవాళ్లు పునాది సబ్జెక్టులకు క్రెడిట్ వచ్చినా వదులుకుని తరగతిలో కూర్చుని గ్రేడు తెచ్చుకోవడం మంచిది.

జీఐ బిల్లుతో కలిపి చూస్తే

జీఐ బిల్లుకు ఇప్పటి రూపమైన పోస్ట్ 9/11 జీఐ బిల్లు 36 నెలల చదువుకు సాయం ఇస్తుంది, అంటే తొమ్మిది నెలల విద్యా సంవత్సరాలు నాలుగు. జేఎస్‌టీతో ఒక ఏడాది తగ్గితే ఆ తొమ్మిది నెలలు మాస్టర్స్‌కు మిగులుతాయి. ఈ సేవలోని అసలు లాభం ఇదే. సర్వీసులో ఉండగా ట్యూషన్ అసిస్టెన్స్ సెమిస్టర్ అవర్‌కు గరిష్ఠంగా 250 డాలర్లు ఇస్తుంది. దానికి ఏడాదికింత అన్న పరిమితీ ఉంది. క్రెడిట్ వచ్చిన ప్రతి సబ్జెక్టూ ఆ వార్షిక పరిమితిలో మిగిలే సొమ్మే.

జీఐ బిల్లు వాడే విద్యార్థి ముందటి చదువునూ శిక్షణనూ కాలేజీ పరిశీలించి, తగిన క్రెడిట్ ఇచ్చినట్టు రికార్డు ఉంచాలని ఫెడరల్ నిబంధనల్లో 38వ టైటిల్ 21.4253 సెక్షన్ చెబుతుంది. అంటే జేఎస్‌టీ పంపడం మీ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. పంపకుండా దాస్తే సర్టిఫికేషన్, అంటే మీరు చదువుతున్నారని కాలేజీ వెటరన్స్ విభాగానికి ధ్రువీకరించడం, ఆగొచ్చు.

చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతి ఇంకొకటి ఉంది. డిగ్రీకి అవసరమైన సబ్జెక్టులకే వెటరన్స్ విభాగం డబ్బు కడుతుంది. జేఎస్‌టీ వచ్చి ఐచ్ఛికాల గడి నిండిపోయిందంటే, ఇక ఐచ్ఛిక సబ్జెక్టు ఏది తీసుకున్నా దానికి డబ్బు రాదు. వరుస కట్టిన సబ్జెక్టులున్న డిగ్రీలో ఒక సెమిస్టర్‌లో తీసుకోవడానికి రెండే సబ్జెక్టులు మిగిలితే 12 అవర్ల పూర్తికాలం లెక్క తప్పుతుంది, జీఐ బిల్లు కింద వచ్చే ఇంటి భత్యం తగ్గుతుంది. పూర్తికాలంలో సగానికి మించకపోతే అసలు రాదు. చివరి సెమిస్టర్‌లో మాత్రం ఇతర సబ్జెక్టులతో పూర్తికాలం చేసుకునే వెసులుబాటు ఉంది. అందుకే కాలేజీలో వెటరన్స్ సర్టిఫికేషన్ చూసే అధికారితో కూర్చుని, ఒక్క సెమిస్టర్‌కు కాక డిగ్రీ అంతటికీ సబ్జెక్టుల వరుస ముందే వేసుకోవాలి. తేలిక సబ్జెక్టులన్నీ మొదటి ఏడాదే పూర్తిచేసుకోవద్దు. కష్టమైన వరుస సబ్జెక్టుల పక్కన పెట్టుకోవడానికి కొన్ని దాచుకోండి.

ఫెడరల్ విద్యార్థి సహాయం కూడా తీసుకుంటుంటే ఇంకో హద్దు. కాలేజీ అంగీకరించిన బదిలీ క్రెడిట్లు ప్రయత్నించిన అవర్లలోకి వస్తాయి. డిగ్రీ నిడివికి 150 శాతం దాటకూడదు, అంటే 120 అవర్ల డిగ్రీకి 180. పనికిరాని 40 అవర్లు ఎక్కించుకుని, మధ్యలో డిగ్రీ మార్చుకున్నవాళ్లకు ఇది తగులుతుంది. డిగ్రీకి పనికొచ్చేవే ఎక్కించే వీలుందేమో ముందే కనుక్కోండి.

జేఎస్‌టీ పూడ్చలేని ఖాళీలు

సైనిక శిక్షణ ఇంగ్లిష్ వ్యాసరచన, కాలేజీ ఆల్జీబ్రా, చరిత్ర లాంటి సాధారణ విద్య సబ్జెక్టులకు క్రెడిట్ తేవడం అరుదు. ఆ ఖాళీకి తరగతిలో కూర్చోకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే క్లెప్, డీఎస్‌ఎస్‌టీ పరీక్షలు చక్కగా సరిపోతాయి. సర్వీసులో ఉన్నవాళ్లకు ఒక్కో సబ్జెక్టులో మొదటి ప్రయత్నానికి పరీక్ష ఫీజు రక్షణ శాఖ విద్యా సహాయ విభాగమైన డాంటెస్ కడుతుంది. క్లెప్ స్కోరు 20 నుంచి 80 వరకు, చాలా సబ్జెక్టులకు ఏస్ సిఫార్సు చేసే గీత 50. తప్పితే క్లెప్‌కు మూడు నెలలు, డీఎస్‌ఎస్‌టీకి 30 రోజులు ఆగి సొంత ఖర్చుతో మళ్లీ రాయాలి. సర్వీసు ముగిశాక ఈ ఉచిత సదుపాయం పోతుంది కాబట్టి బయటికొచ్చే ముందు ఏడాదిలో రాసేయడం తెలివైన పని. స్కోర్లు జేఎస్‌టీలో కనిపించినా, చాలామంది రిజిస్ట్రార్లు క్లెప్‌కు ఆ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డ్ నుంచి నేరుగా వచ్చిన ట్రాన్స్‌క్రిప్ట్ అడుగుతారు. రెండూ పంపండి.

ఎయిర్ ఫోర్స్, స్పేస్ ఫోర్స్ సిపాయిలకు కమ్యూనిటీ కాలేజ్ ఆఫ్ ది ఎయిర్ ఫోర్స్ ఉంది. 1972లో మొదలైన ఈ కాలేజీ గుర్తింపు పొందిన అసోసియేట్ డిగ్రీలే ఇస్తుంది. అంటే అక్కడి ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నవి సిఫార్సులు కావు, కాలేజీ క్రెడిట్లే. ఈ ఒక్క విషయంలో జేఎస్‌టీ కన్నా అది మెరుగు. ఆ డిగ్రీ పూర్తిచేసుకుంటే 2007లో మొదలైన ఎయిర్ యూనివర్సిటీ బ్యాచిలర్స్ ఒప్పందంలోని కాలేజీల్లో ఇంకో 60 అవర్లతో బ్యాచిలర్స్ అందుకోవచ్చు. సగంలో వదిలేసి బయటికొస్తే మాత్రం ఈ సదుపాయం దక్కదు. అందుకే మిగిలిన రెండు మూడు సబ్జెక్టులు యూనిఫామ్‌లో ఉండగానే ముగించాలి.

కొన్ని రాష్ట్రాల్లో చట్టమే అండగా ఉంది. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో కనీసం రెండేళ్లు సర్వీసు చేసి గౌరవంగా విడుదలైనవాళ్లకు వ్యాయామ విద్య క్రెడిట్‌తో పాటు ఐచ్ఛికాల్లో 12 అవర్ల వరకు ఇవ్వాలి. మీ రాష్ట్రంలో ఏముందో అడ్వైజర్‌ను అడిగితే సరిపోదు, రాష్ట్ర ఉన్నత విద్యా మండలి సైట్లో చూసుకోండి.

కాలేజీ మారేవాళ్లకు ఒక సూచన. మొదటి కాలేజీ ఎక్కించిన జేఎస్‌టీ క్రెడిట్లు మొదటి కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటు రెండో కాలేజీకి సాధారణంగా రావు. కొత్త కాలేజీ జేఎస్‌టీని మొదటినుంచి మళ్లీ చదువుతుంది, వేరే నిర్ణయం తీసుకోవచ్చు. కాబట్టి కొత్తగా పంపండి, పంపే రోజు ఖాతాలోకి వెళ్లి ఈమధ్య చేసిన కోర్సు, కొత్త హోదా ఎక్కాయో లేదో చూసి పంపండి. ఒకసారి పంపింది దానంతటదే తాజా కాదు.